ఈస్ట్ ఎం-ఆర్‌ఎన్‌ఏలో ఎం6ఏ, సూడోయూరిడిన్ సైట్లు వెతకాలంటే ముందు ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: బెంగళూరులో పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఉన్నారు. ఈస్ట్ ఎం-ఆర్‌ఎన్‌ఏ మీద ఎం6ఏ, సూడోయూరిడిన్ ఎక్కడెక్కడ ఉన్నాయో మ్యాప్ చేయమని గైడ్ చెప్పారు. (ఆర్‌ఎన్‌ఏ అక్షరాల మీద కణం పెట్టే రసాయన గుర్తులివి: మొదటిది మిథైల్ తగిలిన అడినోసిన్, రెండోది రూపం మారిన యూరిడిన్.) వైపీడీ అనే మామూలు పోషక మీడియంలో పెంచిన బీవై4741 అనే ల్యాబ్ స్ట్రెయిన్ నుంచి ఆర్‌ఎన్‌ఏ తీసి, ఎం6ఏ యాంటీబాడీతో డాట్ బ్లాట్ (పొర మీద ఆర్‌ఎన్‌ఏ చుక్క పెట్టి యాంటీబాడీతో చూసే పరీక్ష) వేస్తే చుక్క బాగా ముదురుగా వచ్చింది. చేతిలో ఒక్క సీక్వెన్సింగ్ రన్‌కు సరిపడా డబ్బే ఉంది. నానోపోర్ డైరెక్ట్ ఆర్‌ఎన్‌ఏ చేయాలా, యాంటీబాడీతో లాగి ఇల్యుమినాలో చదివించాలా అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఇప్పుడే దేన్నీ సీక్వెన్సింగ్‌కు పంపకండి. వైపీడీలో హాయిగా పెరుగుతున్న హాప్లాయిడ్ (క్రోమోజోములు ఒక్కో ప్రతే ఉన్న) ఈస్ట్ ఎం-ఆర్‌ఎన్‌ఏలో ఎం6ఏ దాదాపు ఉండదు. మీ బ్లాట్‌లో కనిపించింది మరేదో. ఎం6ఏ కావాలంటే డిప్లాయిడ్ (రెండేసి ప్రతులున్న) కణాలను మయోసిస్‌లోకి, అంటే స్పోర్లు తయారయ్యే విభజనలోకి నడిపించాలి. సూడోయూరిడిన్‌కు మయోసిస్ అక్కర్లేదు, మామూలుగా పెరిగే కణాల్లోనే దొరుకుతుంది. ఏ పద్ధతి ఎంచుకున్నా, ఆ గుర్తు పెట్టే ఎంజైమ్ లేని స్ట్రెయిన్‌ను పక్కనే పెట్టి నడపాలి. ఎంజైమ్ తీసేసినా సిగ్నల్ అక్కడే కూర్చుని ఉంటే అది మీరు వెతుకుతున్నది కాదు. బెంగళూరులో పద్నాలుగేళ్లుగా ఈస్ట్ ఆర్‌ఎన్‌ఏతోనే పని చేస్తున్నాను, ఈ ఒక్క విషయంలో మాత్రం ఎవరితోనూ రాజీ పడను.

ముందు మీ చుక్క సంగతి చూద్దాం.

ఈస్ట్ మొత్తం ఆర్‌ఎన్‌ఏలో ఎం-ఆర్‌ఎన్‌ఏ వాటా సుమారు 5 శాతం. మిగతాదంతా రైబోజోముల ఆర్‌ఎన్‌ఏ, టీ-ఆర్‌ఎన్‌ఏ. ఆ రెండింటి నిండా రకరకాల మార్పులే. 18ఎస్ అనే రైబోజోముల ఆర్‌ఎన్‌ఏ చివర్లో రెండు మిథైళ్లున్న అడినోసిన్లు పక్కపక్కనే రెండున్నాయి. 25ఎస్ అనే ఇంకో రైబోజోముల ఆర్‌ఎన్‌ఏ మీదా, టీ-ఆర్‌ఎన్‌ఏ 58వ స్థానంలోనూ ఎం1ఏ (మిథైల్ వేరే చోట తగిలిన అడినోసిన్) ఉంటుంది. ఈ ఎం1ఏతో పెద్ద తలనొప్పి ఒకటుంది. క్షార ద్రావణంలో వేడి తగిలితే దాని మిథైల్ ఒక నత్రజని మీద నుంచి ఇంకోదాని మీదకు మారినట్టై, ఎం1ఏ కాస్తా ఎం6ఏగా తేలుతుంది. దీన్ని డిమ్‌రాత్ మార్పు అంటారు. కణంలో లేని ఎం6ఏ మన ట్యూబులో పుడుతుందన్నమాట. దానికి తోడు, ఎం6ఏ యాంటీబాడీలు మామూలు అడినోసిన్ వరసలకు కూడా కొంత అంటుకుంటాయి. పాలీ-ఏ తోక ఉన్న ఆర్‌ఎన్‌ఏను ఎక్కువ మోతాదులో పెడితే ఏ మార్పూ లేకపోయినా చుక్క వస్తుంది. నమ్మకం కుదరకపోతే ట్యూబులో టీ7 ఎంజైమ్‌తో తయారు చేసిన, ఏ మార్పూ లేని ఆర్‌ఎన్‌ఏకు పాలీ-ఏ తోక తగిలించి, అదే మోతాదులో అదే పొర మీద వేసి చూడండి.

ఎం6ఏకు ఏ స్ట్రెయిన్?

బీవై4741 హాప్లాయిడ్. అది మయోసిస్‌కు వెళ్లనే వెళ్లదు. డిలీషన్ కలెక్షన్ (ఒక్కో జన్యువు తీసేసిన స్ట్రెయిన్ల సేకరణ) నుంచి ఐమీ4 (ఎం6ఏ పెట్టే ఎంజైమ్ జన్యువు) తీసేసిన బీవై4741 తెచ్చుకుని, మామూలు బీవై4741తో పోల్చి, "తేడా లేదు, కాబట్టి ఐమీ4కు ఎం6ఏతో సంబంధం లేదు" అని తేల్చిన రిపోర్టులు నేను ఒకటికి రెండు సార్లు చూశాను. రెండు వైపులా సున్నా ఉన్నప్పుడు తేడా ఎక్కణ్నుంచి వస్తుంది? హాప్లాయిడ్‌లో ఐమీ4 జన్యువుకు ఎదురు దిక్కుగా ఒక యాంటీసెన్స్ ఆర్‌ఎన్‌ఏ తయారవుతూ దాన్ని అణచి ఉంచుతుంది. డిప్లాయిడ్ అయ్యాకే ఆ అడ్డు తొలగుతుంది. పెరిగే కణాల్లో ఎం6ఏ లేదని, స్పోరులేషన్‌లో (మయోసిస్ జరిగి స్పోర్లు తయారయ్యేటప్పుడు) మాత్రమే కనిపిస్తుందని 2002లోనే చూపించారు.

అదే వంశంలోని డిప్లాయిడ్ తీసుకున్నా లాభం తక్కువ. బీవై4741 కూడా ఎస్288సీ సంతతిదే; ఆ సంతతి స్ట్రెయిన్లు నింపాదిగా, కొద్ది కణాల్లో మాత్రమే స్పోరులేట్ అవుతాయి. అందుకే ఈ రంగంలో అందరూ ఎస్‌కే1 అనే స్ట్రెయిన్ వాడతారు. అది ఒక్క రోజులో చాలా వరకు పని ముగిస్తుంది, కణాలు ఇంచుమించు ఒకే అడుగు మీద నడుస్తాయి.

ఇంకో మెలిక ఉంది. ఐమీ4 తీసేస్తే మయోసిస్ కూడా కుంటుపడుతుంది. అప్పుడు మామూలు స్ట్రెయిన్ ఒక దశలో, డిలీషన్ స్ట్రెయిన్ ఇంకో దశలో ఉంటాయి. మీరు కొలిచేది ఎం6ఏ తేడానా, దశల తేడానా చెప్పలేరు. దీనికి మందు ఎన్‌డీటీ80. ఆ జన్యువు లేకపోతే కణాలు ప్రోఫేజ్ చివర ఆగిపోతాయి, ఎం6ఏ బాగా పోగయ్యే దశ కూడా అదే. రెండు స్ట్రెయిన్లనూ ఎన్‌డీటీ80 లేని నేపథ్యంలోనే కట్టుకోండి. 2013లో వచ్చిన మొదటి ఈస్ట్ ఎం6ఏ మ్యాప్‌లో ఈ కిటుకే వాడారు. అందులో 1,183 ట్రాన్స్‌క్రిప్ట్‌ల మీద 1,308 సైట్లు వచ్చాయి, చాలావరకు 3 ప్రైమ్ చివరకు దగ్గరగా ఉన్నాయి. ఐమీ4 లేని కణాల్లోనూ కనిపించిన శిఖరాలను (సిగ్నల్ ఎత్తుగా లేచిన చోట్లను) వాళ్లు పక్కన పెట్టేశారు. ఆ వడపోత లేకుంటే ఆ జాబితా మరోలా ఉండేది.

నా అనుభవం చెప్తాను. నా మొదటి ఎం6ఏ-సీక్‌లో (యాంటీబాడీతో లాగి చదివించే పద్ధతి) డిలీషన్ స్ట్రెయిన్ పెట్టలేదు. ఇన్‌పుట్ ఆర్‌ఎన్‌ఏతో పోల్చుకుంటే చాలనుకున్నాను. శిఖరాలు అందంగా లేచాయి. ఎనిమిది నెలలు వాటి మీదే కూర్చున్నాను, జన్యువుల జాబితాలు, బొమ్మలు అన్నీ తయారు చేసుకున్నాను. చివరికి ఒక సీనియర్ అడిగారని డిలీషన్‌లో చేస్తే చాలా శిఖరాలు ఇసుమంతైనా తగ్గలేదు. అవన్నీ అడినోసిన్, గ్వానోసిన్ గుంపుగా ఉన్న వరసలు. యాంటీబాడీకి ఆ వరసలంటేనే ఇష్టం. ఆ ఎనిమిది నెలలు తిరిగి రాలేదు, అందుకే ఇంత పట్టుపట్టి చెప్తున్నాను.

ఇంకోటి కూడా. ఒక జనవరిలో సంక్రాంతికి హిందూపురం వెళ్లొచ్చి, వచ్చిన మర్నాడే టైమ్ కోర్స్ మొదలుపెట్టాను. ఆ నెలలో మా 30 డిగ్రీల షేకర్ రిపేరులో ఉండి, బయట గదిలోని షేకర్ వాడాం. బెంగళూరు జనవరి చలి మీకు తెలిసిందే. మొదలుపెట్టిన ఆరు గంటల తర్వాత శాంపిల్ తీస్తే ఎం6ఏ కనిపించలేదు. స్ట్రెయిన్ చెడిపోయిందని వారం రోజులు దిగులు పడ్డాను. డీఎన్‌ఏకు రంగు వేసే డాపీతో చూస్తే కణాలు ఇంకా మయోసిస్ గడప దాటనే లేదు. అప్పట్నుంచి గడియారాన్ని నమ్మడం మానేశాను. ప్రతి శాంపిల్ నుంచి కొన్ని కణాలను ఆల్కహాల్‌లో వేసి పక్కన పెట్టి, దశ ఏదో చూసుకున్నాకే ఆర్‌ఎన్‌ఏ తీస్తాను. గాలి కూడా ముఖ్యం. పొటాషియం అసిటేట్ మీడియం ఫ్లాస్కులో పదో వంతుకు మించి పోయకండి. స్పోరులేషన్‌కు ఊపిరి కావాలి.

మార్పు ఉందా లేదా, ఎంతుంది? ముందు మాస్ స్పెక్

మ్యాప్ గీసే ముందు సరుకు ఉందో లేదో చూసుకోవాలి. పాలీ-ఏ ఆర్‌ఎన్‌ఏను రెండు విడతలు తోకను పట్టుకునే ఒలిగో-డీటీ మీద శుద్ధి చేసి, న్యూక్లియేజ్ పీ1తోనూ ఆ తర్వాత ఫాస్ఫటేజ్‌తోనూ విడి న్యూక్లియోసైడ్‌లుగా కోసి, ట్రిపుల్ క్వాడ్రపోల్‌లో (అణువులను విరిచి బరువు చూసే మాస్ స్పెక్‌లో) కొలవండి. బరువు-ఆవేశ నిష్పత్తిలో చెప్తే అడినోసిన్ 268 నుంచి 136కు, ఎం6ఏ 282 నుంచి 150కి విరుగుతాయి. ఎం1ఏ కూడా అదే 282 నుంచి 150కే విరుగుతుంది! కాలమ్‌లో బయటికొచ్చే సమయం మాత్రమే రెంటినీ విడదీస్తుంది. కాబట్టి రెండు స్టాండర్డ్‌లూ కొనుక్కోండి. యూరిడిన్, సూడోయూరిడిన్‌ల బరువు ఒకటే, యంత్రంలో 245గా కనిపిస్తుంది. కానీ సూడోయూరిడిన్‌లో బేస్‌కూ చక్కెరకూ మధ్య బంధం కార్బన్-కార్బన్ బంధం, అంత తేలిగ్గా తెగదు. యూరిడిన్ 113 ముక్క ఇస్తే అది 125 ముక్క ఇస్తుంది.

ఈ కొలతలో ఎం1ఏ సంఖ్యను తప్పకుండా రాసుకోండి. దాన్ని మీ శుద్ధికి కొలబద్దగా వాడుకోవచ్చు. ఎం-ఆర్‌ఎన్‌ఏ అనుకున్న శాంపిల్‌లో ఎం1ఏ గట్టిగా ఉందంటే టీ-ఆర్‌ఎన్‌ఏ, రైబోజోముల ఆర్‌ఎన్‌ఏ ఇంకా వదల్లేదని అర్థం. ఈస్ట్ పాలీ-ఏ తోకలు మనిషి కణాల తోకల కంటే పొట్టివి, ఒలిగో-డీటీకి అంత గట్టిగా అంటుకోవు. ఒక్క విడతతో సరిపెట్టుకోకండి. ఆర్‌ఎన్‌ఏ లేకుండా ఎంజైములు మాత్రమే వేసిన ఖాళీ ట్యూబు కూడా పెట్టండి, కొన్ని ఎంజైముల్లోనే న్యూక్లియోసైడ్‌లు కలిసి వస్తాయి. కల్చర్‌లో బ్యాక్టీరియా చేరిందేమో సూక్ష్మదర్శిని కింద చూడండి. ఈ.కోలై 23ఎస్ ఆర్‌ఎన్‌ఏలో ఎం6ఏ రెండు చోట్ల ఉంది. కల్చర్ కలుషితమైతే ఆ రెండే మిమ్మల్ని తప్పుదారి పట్టించగలవు.

ఇక మ్యాప్‌కు ఏ పద్ధతి?

మామూలు సీక్వెన్సింగ్‌లో ఆర్‌ఎన్‌ఏను ముందు సీడీఎన్‌ఏగా (డీఎన్‌ఏ నకలుగా) రాసుకుంటాం. ఆ నకలు రాసే ఎంజైమ్ రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అక్షరాన్ని దించుతుంది కానీ దాని మీది దీర్ఘం, ఒత్తు వదిలేస్తుంది. ఎం6ఏ చోటా, మామూలు అడినోసిన్ చోటా ఒకే అక్షరం పడుతుంది. ఈ పద్ధతులన్నీ ఆ పోయిన ఒత్తును ఏదో ఒక విధంగా పట్టుకునే ప్రయత్నాలే.

యాంటీబాడీతో లాగే ఎం6ఏ-సీక్ 2012లో వచ్చింది. శిఖరం వెడల్పు వంద అక్షరాల దాకా ఉంటుంది. ఆ వెడల్పులో ఎం6ఏ పడే జీ-ఏ-సీ వరస (మోటిఫ్) మూడు నాలుగు సార్లు వచ్చిందంటే ఏది అసలుదో తేలదు. మీ ప్రశ్నకు ఇది నా మొదటి ఎంపిక కాదు. మేజ్‌ఎఫ్ అనే ఎంజైమ్ ఏ-సీ-ఏ దగ్గర కోస్తుంది, మొదటి అడినోసిన్ మీద మిథైల్ ఉంటే కోయదు. యాంటీబాడీ అక్కర్లేకుండా ఎంత శాతమో చెప్తుంది, కానీ ఏ-సీ-ఏ ఉన్న చోటే. గ్లోరి పద్ధతిలో గ్లయాక్సల్‌తో గ్వానోసిన్‌లను కాపాడి, నైట్రైట్‌తో మామూలు అడినోసిన్‌లన్నిటినీ ఇనోసిన్‌గా మారుస్తారు. అవి గ్వానోసిన్‌లా చదవబడతాయి, ఎం6ఏ మాత్రం అడినోసిన్‌గానే నిలబడుతుంది. ఒక్కో సైటు, ఒక్కో శాతం చేతికొస్తుంది. ఆర్‌ఎన్‌ఏ బాగా నలుగుతుంది, నాలుగక్షరాల భాష మూడక్షరాలకు తగ్గుతుంది కాబట్టి అలైన్‌మెంట్ కష్టం. అయితే ఈస్ట్ జీనోమ్ 1.2 కోట్ల అక్షరాలే, మనిషి జీనోమ్‌లా 300 కోట్లు కాదు. అందుకే ఆ కష్టం మనకు తక్కువ, రీడ్‌లూ తక్కువే చాలు. ఒక్క రన్‌కే డబ్బుంటే ఎం6ఏకు నా ఓటు గ్లోరికే, మామూలు స్ట్రెయిన్ రెండు, ఐమీ4 లేనివి రెండు, మొత్తం నాలుగు లైబ్రరీలు ఒకే రన్‌లో.

నానోపోర్ గురించి కాస్త నిదానంగా మాట్లాడాలి, ఎందుకంటే ఇప్పుడు అందరికీ దాని మీదే మనసు. ఆర్‌ఎన్‌ఏనే రంధ్రంలోంచి పంపి కరెంటు మార్పు చూస్తుంది. సీడీఎన్‌ఏ రాయనక్కర్లేదు, ఒత్తు ఒత్తుగానే ఉంటుంది. చదవడం 3 ప్రైమ్ చివర నుంచే మొదలవుతుంది, ఈస్ట్ ఎం6ఏలు కూడా అటువైపే ఎక్కువ. ఇది నిజంగా కలిసొచ్చే విషయం. 2019లో ఎపినానో అనే పద్ధతిని పరీక్షించింది కూడా ఈస్ట్ మామూలు స్ట్రెయిన్, ఐమీ4 డిలీషన్ జంట మీదే. ఆర్‌ఎన్‌ఏ004 కిట్ వచ్చాక, డొరాడో అనే నానోపోర్ సాఫ్ట్‌వేర్‌లో ఎం6ఏకూ సూడోయూరిడిన్‌కూ తయారు మోడళ్లున్నాయి. బటన్ నొక్కితే జాబితా వచ్చేస్తుంది.

భయం అక్కడే. ఒక లెక్క వేద్దాం. మీరు లక్ష అడినోసిన్‌ల దగ్గర వెతుకుతున్నారు, అందులో నిజమైనవి వెయ్యి అనుకుందాం. మోడల్ నూటికి ఒక్కసారే తప్పు చెప్తుందనుకున్నా, లేని చోట్ల దాదాపు వెయ్యి సైట్లు "ఉన్నాయి" అని వస్తాయి. అంటే జాబితాలో సగం బూటకం. 99 శాతం కచ్చితత్వం వినడానికి గొప్పగా ఉంటుంది కానీ, అరుదైనదాన్ని వెతికేటప్పుడు చాలదు. డిలీషన్ స్ట్రెయిన్‌ను అదే కిట్‌తో, అదే మోడల్‌తో నడిపితే ఆ బూటకం సగం రెండు వైపులా కనిపించి, వాటంతట అవే రాలిపోతాయి. నానోపోర్ చేయొద్దని నేను అనను. డిలీషన్ లేకుండా చేయొద్దంటాను.

సూడోయూరిడిన్

దీనికి ఈస్ట్ పుట్టిల్లు లాంటిది. 1950ల్లో దీన్ని "ఐదో న్యూక్లియోటైడ్" అన్నారు, ఈస్ట్ ఆర్‌ఎన్‌ఏ నుంచే వేరుచేశారు. 1965లో రాబర్ట్ హోలీ బృందం మొట్టమొదటిసారి ఒక టీ-ఆర్‌ఎన్‌ఏ వరసను పూర్తిగా చదివింది. ఆ ఒక్క గ్రాము ఈస్ట్ అలనిన్ టీ-ఆర్‌ఎన్‌ఏ కోసం సుమారు 140 కిలోల బ్రెడ్ ఈస్ట్ కావలసి వచ్చింది. ఆ వరసలోనూ సూడోయూరిడిన్ ఉంది. మూడేళ్లకు మన హరగోబింద్ ఖొరానాతో కలిసి నోబెల్ అందుకున్నది ఆయనే. ఇవాళ మీరు వంద మిల్లీలీటర్ల కల్చర్‌తో అంతకంటే ఎక్కువ ప్రశ్నలడగగలరు. నాకు ఇది తలచుకున్నప్పుడల్లా ఉత్సాహం వస్తుంది.

ఎం-ఆర్‌ఎన్‌ఏ మీద దీన్ని పెట్టేవాటిలో ముఖ్యమైన ఎంజైములు పస్1, పస్4, పస్7. పస్7కు యూ-జీ-యూ-ఏ వంటి వరస ఇష్టం, వేడి దెబ్బ తగిలితే దాని సైట్లు పెరుగుతాయి. పాత పద్ధతి సీఎంసీ. ఆ రసాయనం యూరిడిన్, గ్వానోసిన్, సూడోయూరిడిన్ మూడింటికీ అంటుకుంటుంది. తర్వాత పీహెచ్ 10.4 దగ్గర ఉంచితే మొదటి రెండింటి నుంచి ఊడిపోయి సూడోయూరిడిన్ మీద మాత్రం నిలుస్తుంది. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ దానికి ఒక్క అక్షరం ముందు ఆగిపోతుంది. 2014లో ఈ రసాయనంతోనే మూడు బృందాలు ఈస్ట్ మ్యాప్‌లు వేశాయి. ఆ జాబితాలు పూర్తిగా కలవవు. ఆగిపోయిన చోట్లు వేరే కారణాలకూ ఏర్పడతాయి మరి.

ఆ 10.4 బఫర్‌ను ఏ రోజుకారోజు కలుపుకోండి. సోడియం కార్బనేట్ బఫర్ సీసా మూత తీసి తీసి వాడుతుంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని పీహెచ్ దిగజారుతుంది. మా దగ్గర ఒకసారి రెండు నెలల పాత సీసా వాడితే ప్రతి యూ దగ్గరా, ప్రతి జీ దగ్గరా ఆగుళ్లే. కొత్త వాళ్లు ఎంజైమ్‌ను అనుమానిస్తారు, సీసాను అనుమానించరు.

ఇప్పుడైతే నేను బైసల్ఫైట్ పద్ధతులనే సిఫారసు చేస్తాను. 2022, 2023లలో బిడ్-సీక్, ప్రెయిజ్ అని రెండు వచ్చాయి. తటస్థానికి దగ్గరి పీహెచ్‌లో బైసల్ఫైట్ సూడోయూరిడిన్‌కు అంటుకుంటుంది, చదివేటప్పుడు ఆ అక్షరం ఎగిరిపోతుంది. ఆగిపోవడం కంటే ఎగిరిపోవడం లెక్కించడం సులువు, శాతం కూడా తెలుస్తుంది. వరసగా రెండు మూడు యూలు ఉన్నచోట ఏ యూ ఎగిరిందో చెప్పలేం, అలాంటి సైట్లను జాబితాలో వేరే రంగులో పెట్టుకోండి.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. రైబోజోముల ఆర్‌ఎన్‌ఏలో నలభైకి పైగా సూడోయూరిడిన్ స్థానాలు దశాబ్దాలుగా తెలిసినవే. మీ ప్రోటోకాల్ ముందు వాటిని పట్టుకోవాలి. అవే దొరకనప్పుడు ఎం-ఆర్‌ఎన్‌ఏ జాబితా తెరిచి చూడటం కూడా వృథా. స్ప్లైసింగ్‌లో పాల్గొనే యూ2 అనే చిన్న ఆర్‌ఎన్‌ఏలో 35వ స్థానం పస్7 పెడుతుంది, 44వ స్థానం పస్1 పెడుతుంది. పస్7 తీసేసిన స్ట్రెయిన్‌లో 35 మాయమై 44 మిగిలిందంటే మీ చేయి తిరిగినట్టే.

మీరు అడగలేదు కానీ ఒక హెచ్చరిక. ఎం1ఏ మీదకో, ఎసిటైల్ సైటిడిన్ అనే ఇంకో మార్పు మీదకో ఇప్పుడే వెళ్లకండి. ఎం-ఆర్‌ఎన్‌ఏలో ఎం1ఏ వేల సైట్లలో ఉందని 2016లో వచ్చింది. మరుసటి ఏడే ఆ సంఖ్య కొద్దిపాటికి కుదించుకుపోయింది. వాడిన యాంటీబాడీ ఎం-ఆర్‌ఎన్‌ఏ తల మీది ఎం7జీ టోపీకి కూడా అంటుకుంటోందని తర్వాత తేలింది. ఎసిటైల్ సైటిడిన్‌ను రసాయనంతో ఈస్ట్‌లో వెతికితే టీ-ఆర్‌ఎన్‌ఏ, 18ఎస్ మీద దొరికింది, మామూలు ఈస్ట్ ఎం-ఆర్‌ఎన్‌ఏ మీద దొరకలేదు.

ఇక మీ గైడ్‌తో ఏం చెప్పాలంటే: మొదటి మూడు నెలలు స్ట్రెయిన్‌లు కట్టడానికీ, మయోసిస్ దశలు సరిచూసుకోవడానికీ, మాస్ స్పెక్‌కూ అడగండి. సూడోయూరిడిన్‌కు పస్ డిలీషన్‌లు బీవై4741లోనే దొరుకుతాయి, అవి తెప్పించుకుని పీసీఆర్‌తో సరిచూసుకుంటే చాలు. ఎస్‌కే1లో ఐమీ4, ఎన్‌డీటీ80 జంట డిలీషన్ మీరే కట్టుకోవాలి. రన్ నుంచి వచ్చిన సైట్లలో మీకు బాగా నచ్చిన నాలుగింటిని సెలెక్ట్ పద్ధతిలో క్యూపీసీఆర్ మీద సరిచూడండి. రెండు ఒలిగోలు, ఒక పాలిమరేజ్, ఒక లైగేజ్, అంతే ఖర్చు. ఎం6ఏ ఉన్నచోట అతుకు మందగించి, సిగ్నల్ ఆలస్యంగా లేస్తుంది. దానికి కావలసిన ఆర్‌ఎన్‌ఏను లైబ్రరీకి పంపిన ట్యూబు నుంచే ముందుగా విడిగా తీసి మైనస్ 80లో పెట్టుకోండి. తర్వాత కొత్తగా పెంచిన కల్చర్‌తో సరిచూస్తే, తేడా వచ్చినప్పుడు తప్పు పద్ధతిదో, ఆ రోజు కణాలదో ఎవరూ చెప్పలేరు.